నేను వెనక్కి లాక్కున్న చెయ్యి

ఈ మధ్య భూపాలపల్లిలో సైగల భాష దుబాసీలుగా శిక్షణ తీసుకుంటున్న పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచారు. రిటైరైన టీచరును పిలిస్తే అరగంటలో వదలదని తెలిసి కూడా పిలిచారంటే వాళ్ల ఓపికకు దండం పెట్టాలి. నేను మాట్లాడటం అయిపోయాక ఘనపూర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచింది.

"టీచర్, సైగలైతే సమజైతున్నయి. గని వేళ్ల స్పెల్లింగ్ చదువుడే వస్తలేదు. ఎదుటోళ్లు జల్ది జల్ది చేస్తే నా కండ్లకు అందుతలేదు. మీకు ఎన్ని దినాలకు వచ్చింది?"

"ఇరవై రెండేండ్లకు" అన్నాను.

అందరూ నవ్వారు. ముసలామె పరాచికాలాడుతోంది అనుకున్నారు. నేను పరాచికాలాడలేదు. బస్సుకు టైమైందని మాట అక్కడే వదిలేసి వచ్చాను గానీ, జనగామ చేరేదాకా ఆ అమ్మాయి ముఖమే గుర్తొస్తూ ఉంది. జవాబు సగమే చెప్పి వచ్చాను. మిగతా సగం ఇది. ఇందులో ఎవరి పేరూ రాయను. ఏ బడి, ఏ ఠాణా అన్నది కూడా రాయను. తప్పు చేసినామెను 'నేను' అంటే సరిపోతుంది.

తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క. చెవులు వినపడని వాళ్లు దాదాపు అన్నిటికీ సైగలు చేస్తారు. సైగ లేనిదానికి, అంటే మనిషి పేరుకో, ఊరి పేరుకో, కొత్త వస్తువుకో, ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా వేళ్లతో కూర్చి చూపిస్తారు. మన దగ్గర దానికి రెండు చేతులూ కావాలి. ఎడమ చెయ్యి పలక, కుడి చూపుడువేలు బలపం అనుకోండి. ఎడమచేతి అయిదు వేళ్ల కొసలు ఏ, ఈ, ఐ, ఓ, యూ. మిగతా అక్షరాలు రెండు చేతులూ కలిపి కడతారు. మనం చేసి చూపించడం వారంలో వచ్చేస్తుంది. ఎదుటివాళ్లు చేస్తుంటే చదవడం వేరే విద్య. ఆ తేడా తెలియకుండానే నేను జిల్లాలో పేరున్న దుబాసీనయ్యాను.

అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకటే వరంగల్ జిల్లా. మహబూబాబాద్ అని బోర్డు మీద రాసినా మా నోటికి మానుకోటే వచ్చేది. మాది జనగామ, నా ఉద్యోగం మానుకోటలో, చెవిటి పిల్లల హాస్టలు బడిలో. నర్సింహులపేట అవతలి తండాల నుంచి, కేసముద్రం నుంచి, ములుగు అడవి అంచు ఊళ్ల నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. ఇంటి దగ్గర వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడే దిక్కు ఉండేది కాదు. అన్నానికి రమ్మని, గొడ్లను తోలుకుపొమ్మని చేతులూపడం తప్ప. కొత్తగా వచ్చిన పిల్ల ఇంకో పిల్ల చేతులు ఆడటం చూసి నోరు తెరుచుకొని నిలబడిపోయేది. అలాంటి ఎంతమంది చిన్న చేతులను నా చేతుల్లోకి తీసుకొని అక్షరాలు దిద్దించానో.

ఠాణాకో, కోర్టుకో, దవాఖానకో చెవిటివాళ్లు వస్తే మా బడికి ఫోను వచ్చేది. హెడ్మాస్టరు సారు నన్నే పంపేవారు. దుబాసీ పనికి ఒక చదువుందని, పరీక్ష ఉందని అప్పట్లో మా దగ్గర ఎవరికీ పట్టలేదు. వెళ్తే కుర్చీ వేసేవాళ్లు, చాయ్ తెప్పించేవాళ్లు. "సైగల టీచరమ్మ వచ్చింది" అంటూ దారి ఇచ్చేవాళ్లు. అది నెమ్మదిగా తలకెక్కింది.

నాకు తెలియనిదల్లా, పిల్లలు నా ముందు వేళ్లు నిదానంగా కదిపేవాళ్లన్న సంగతి. హాస్టల్లో వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే వేళ్లు కనపడేవి కావు, అంత వేగం. నేను గదిలోకి రాగానే తగ్గించేవాళ్లు. పసిపిల్లలతో మనం ముద్దుముద్దుగా మాట్లాడినట్టు వాళ్లు టీచరుతో నిదానంగా మాట్లాడేవాళ్లు. అప్పటికీ అందకపోతే నేను తల ఊపేదాన్ని. నేను చెప్పింది అర్థం కాకపోతే వాళ్లూ తల ఊపేవాళ్లు. అట్లా ఇరవై రెండేళ్లు ఒకరికొకరం తలలూపుకుంటూ బడి నడిపాం.

ఇక ఆ సంవత్సరం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బళ్లు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు బంద్. పిల్లలను ఇళ్లకు పంపించేసి మేం టీచర్లం రోజూ సెంటర్లో టెంటు కింద కూర్చునేవాళ్లం. ఆ రోజుల గురించి ఇప్పుడు ఎవరేమన్నా, నేను మనస్ఫూర్తిగా కూర్చున్నాను. నినాదాలిచ్చి ఇచ్చి గొంతు పోయింది. మా మాటను సినిమాల్లో వెక్కిరిస్తుంటే నవ్వి ఊరుకున్న ఏళ్లన్నీ ఆ టెంటు కింద కడుపులోంచి బయటికొచ్చాయి. ఒక రోజు రోడ్డు మీదే వంటావార్పు పెట్టాం. అదే రోజు దగ్గర్లో ఒక చిన్న స్టేషన్లో రైల్ రోకో. నేను పెద్ద గంజులో పప్పుచారు కలుపుతున్నాను. హెడ్మాస్టరు సారు స్కూటర్ మీద వచ్చి దూరంగా ఆగారు.

సారుది గుంటూరు వైపు. ఇరవై ఏళ్లుగా మాతోనే ఉన్నారు. అయినా ఆ నెలల్లో ఆయన టెంటు దగ్గరికొస్తే మాటలు ఆగిపోయేవి. ఆయనకూ ఆ సంగతి తెలుసు. అందుకే దూరం నుంచే నన్ను సైగతో పిలిచారు.

"మేడం, రైల్ రోకో దగ్గర మన పాత పిల్లవాణ్ణి పట్టుకున్నారట. పేరడిగితే చెప్పట్లేదని, మొండికేస్తున్నాడని రెండు తగిలించారట. వినపడదని, మన బడి వాడని ఎవరో తర్వాత చెప్పారట. మీరొకసారి వెళ్ళాలి" అన్నారు.

నా వెనకే మా సంఘం నాయకుడు వచ్చాడు. "సమ్మెల ఉండి పోలీసోళ్ల పని చేస్తవా అక్కా? రేపు పేపర్ల పడితే ఎట్లుంటది?" అన్నాడు.

సారు ఆయన వైపు చూడకుండా నాతోనే మాట్లాడారు. "పిల్లవాడు మనవాడమ్మా. నిదానంగా కూర్చొని వినండి. ఎక్కడైనా అర్థం కాకపోతే కాలేదనే చెప్పండి. నేను హైదరాబాదు నుంచి ఎవరినైనా పిలిపిస్తాను."

నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. "మా పిల్లల మాట మాకు అర్థం కాదా సార్? మీకన్న మాకే ఎక్కువ అర్థమైతది" అన్నాను. 'మా', 'మీ' అన్న మాటలు ఆ రోజుల్లో ఎంత పదునుగా ఉండేవో చూసిన వాళ్లకు తెలుసు. సారు స్కూటర్ ఎక్కమన్నారు, నేను ఎక్కలేదు. ఆయన వెనక కూర్చుంటే టెంటు వాళ్లు చూస్తారు, ఠాణా జీపు పిలిపించుకుంటే ఇంకా అన్యాయం. "గంటల వస్తా, చారు చూడు" అని పక్కనామెకు గరిటె ఇచ్చి నడిచి వెళ్లాను.

ఠాణా ఆవరణ నిండా పట్టుబడిన వాళ్లే. లోపల ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. "నమస్తే మేడం. మాది కూడ ఈ దిక్కే. డ్యూటీ ఉంది, ఏం జేస్తం. జర పేరూ ఊరూ చెప్పిస్తే రాసుకుంటం. పొద్దుగాల ఇడిసిపెడ్తం" అన్నాడు.

గోడ పక్కన కూర్చున్న పిల్లవాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. వాడి ముఖంలోకి ప్రాణం వచ్చినట్టయింది. నర్సింహులపేట దగ్గరి తండా నుంచి ఎనిమిదేళ్లప్పుడు మా బడికి వచ్చాడు. ఇప్పుడు ఇరవై ఉంటాయి. జనగామలో ఒక దర్జీ దగ్గర కుట్టుపని నేర్చుకుంటున్నాడు. కుడి మణికట్టు బాగా ఉబ్బింది, చెయ్యికి తువ్వాల చుట్టి ఉంది. పేరూ తండా నాకు తెలిసినవే కాబట్టి వాణ్ణి అడగకుండానే ఎస్సైకి చెప్పాను. ఆయన మెచ్చుకోలుగా చూశాడు. సగం పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు వాడు ఎడమచేత్తో చెప్పడం మొదలుపెట్టాడు. ముక్కుపుడక చోట వేలు పెట్టి 'అమ్మ' అన్నాడు. రెండు వేళ్లు కాళ్లలాగ చేసి గాల్లోంచి కిందికి జార్చాడు. అంటే పడటం. కిటికీ వైపు చెయ్యి చాపాడు. మళ్లీ అమ్మ, మళ్లీ పడటం. తర్వాత అక్షరాలు కూర్చబోయాడు. ఉబ్బిన కుడిచెయ్యి తెరుచుకోలేదు, ఎడమచేతి వేలికి అక్షరం పెట్టే చోటు దొరకలేదు. ఎస్సై కాగితం, పెన్ను ఇచ్చాడు. ఎడమచేత్తో వాడు గీసినవి కోడి కెలికినట్టు వచ్చాయి.

"ఏమంటున్నడు మేడం?"

"లాఠీ దెబ్బలకు కింద పడ్డడంట సార్. వాళ్లమ్మ దగ్గరికి పోతనంటున్నడు."

ఎంత చక్కగా అతికించానో చూడండి. అమ్మ అన్నాడు, పడటం అన్నాడు. ఎవరు పడ్డారని నేను అడగలేదు. బయట మావాళ్ల నినాదాలు వినిపిస్తున్నాయి. నేను టెంటులో లేనని ఎవరెవరు గమనించి ఉంటారా అన్నదే నా ధ్యాస.

అప్పుడు వాడు రెండడుగులు ముందుకొచ్చి నా ఎడమచెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి తెరిచాడు. తన చూపుడువేలితో నా వేళ్ల మీద, అరచేతిలో గబగబా ఏదో పెట్టడం మొదలుపెట్టాడు. గది నిండా మగవాళ్లు. ఒక కానిస్టేబులు లాఠీ నేలకేసి కొట్టి "ఏయ్, టీచరమ్మ చెయ్యి ఇడువు" అని అరిచాడు. వాడికి వినపడదన్న సంగతి ఆయన మళ్లీ మర్చిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. కొంగు సర్దుకున్నాను. క్లాసులో అల్లరి చేసే పిల్లలకు చేసినట్టే 'కూర్చో' అని సైగ చేశాను.

ఎస్సై పెన్ను ఆపాడు. "ఇంకేమన్న చెప్పేదున్నట్టుంది మేడం. జర సూడుండ్రి. తొందరేం లేదు" అన్నాడు.

"ఏం లేదు సార్. భయపడ్తున్నడు."

వాడు నా పెదవులనే చూస్తున్నాడు. పెదవులు చూసి మాట పట్టుకోవడం మా బడిలో నేర్పేవాళ్లం. వాడికి నేర్పింది నేనే. 'ఏం లేదు' అన్న మాట వాడికి అందింది. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. వాడు వెళ్లి గోడ పక్కన కూర్చున్నాడు, మళ్లీ చెయ్యి ఎత్తలేదు. నేను కాగితం మీద సంతకం పెట్టి, చారు చల్లారకముందే టెంటుకు చేరుకున్నాను. ఎట్లయిందని అడిగితే "ఏముంది, పిల్లగాడు బెదిరిండు" అని చెప్పి బంతిలో కూర్చొని తిన్నాను కూడా.

వాళ్లమ్మ ఆ సమయానికి పట్టాల కింద కల్వర్టులో పడి ఉంది.

జరిగింది ఇది. రైల్ రోకోకు తండా అంతా ట్రాక్టర్ల మీద వచ్చింది, తల్లీకొడుకులు కూడా. లాఠీలు లేవగానే జనం కట్ట మీంచి చెల్లాచెదురుగా దిగారు. ఆమె జారి కల్వర్టులోకి పడిపోయింది, తుంటి విరిగింది. కొడుకు చూశాడు. ఆమె దగ్గరికి వెనక్కి తిరిగాడు. మధ్యలో పోలీసులు ఉన్నారు. చుట్టు తిరిగి రావాలని పరుగెత్తి దొరికిపోయాడు. కింద నుంచి ఆమెకు కనపడింది కొడుకు వీపు మాత్రమే. పేరు పెట్టి అరిచింది. వినపడని కొడుకని తెలిసినా అరవకుండా ఏ తల్లి ఉంటుంది? ట్రాక్టర్లలో వెనక్కి వెళ్లినవాళ్లు ఆమెను కూడా పోలీసులు తీసుకుపోయారని అనుకున్నారు. సాయంత్రం వాన పడింది. పట్టాలు చూసుకుంటూ వెళ్లే గ్యాంగ్‌మన్‌కు మర్నాడు తెల్లవారి మూలుగు వినపడింది. వరంగల్ పెద్ద దవాఖానలో ప్రాణం నిలిచింది, ఒక కాలు పనికిరాకుండా పోయింది. అదే రోజు తెస్తే కాలు కూడా నిలిచేదని డాక్టర్లు అన్నారట.

ఇవన్నీ నాకు సమ్మె ముగిసి బడి తెరిచాక గానీ తెలియలేదు. చెప్పినవాడు ఆ జనగామ దర్జీ. ఆయనకూ వినపడదు. ఏటా మా పిల్లల యూనిఫాంల కొలతలకు వచ్చేవాడు. నన్ను చూస్తే ముందు తానే చెయ్యెత్తి నమస్కారం పెట్టే మనిషి, ఆ ఏడు ముఖం తిప్పుకున్నాడు. ఏమైందని అడిగాను. టేపు మెడలో వేసుకొని, పిల్లవాడు తనకు చెప్పిందంతా సైగలతో చెప్పాడు. తల్లి, కట్ట, కల్వర్టు, వాన. ఆ తర్వాత నా ఎడమచెయ్యి తీసుకొని, ఠాణాలో పిల్లవాడు పెట్టబోయిన అక్షరాలను ఒక్కొక్కటే నా వేళ్ల మీద పెట్టాడు. తల్లి పట్టాల వంతెన కింద ఉంది, అన్నంత మాత్రమే. ఇంగ్లీషులో నాలుగు చిన్న ముక్కలు.

చంకలో బిడ్డ ఉన్నప్పుడు, బస్సులో కడ్డీ పట్టుకున్నప్పుడు, నెత్తి మీద మూట ఉన్నప్పుడు మా రెండో చెయ్యి ఖాళీగా ఉండదు గదా, అన్నాడాయన. అప్పుడు ఎదుటివాళ్ల చెయ్యి తీసుకుంటాం. ఆడా మగా చూడం, చిన్నా పెద్దా చూడం. మాలో చెయ్యి అడిగితే ఇవ్వని మనిషి ఉండడు. ఇన్నేళ్లు మా మధ్య ఉన్నావు, నీకు ఇది తెలియదా?

తెలియదు. వాళ్ల హాస్టల్ వరండాలో రోజూ జరుగుతున్నదే, ఒక్కనాడూ నా కంటికి కనపడలేదు. చిన్నప్పుడు వాళ్ల చేతులు నేను పట్టుకుంటే అది చదువు. పెద్దయ్యాక వాళ్లు నా చెయ్యి పట్టుకుంటే అది తప్పు. ఆ లెక్కన బతికానన్నమాట. నేను తరగతి గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని ఏడ్చాను. ఏడిస్తే ఆమె కాలు వస్తుందా?

తేరుకున్నాక హెడ్మాస్టరు సారు గదికి వెళ్లి జరిగింది చెప్పాను. 'నేను చెప్పానా' అంటారని ఎదురుచూశాను. అనలేదు. "మీరు తిరిగొచ్చిన రోజు అడుగుదామనుకున్నాను మేడం, పిల్లవాడు ఏం చెప్పాడని. టెంటు దగ్గరికి రావడానికి మొహం చెల్లలేదు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది" అన్నారు. ఆయన అడిగి ఉంటే, నేను కసురుకోకపోయి ఉంటే అని ఇద్దరం అనుకున్నాం. తెలంగాణ రావాలన్న నా కోరికలో ఆనాడూ తప్పు లేదు, ఈనాడూ లేదు. ఆ మనిషి మీద చూపించిన కోపం మాత్రం తప్పు చోట చూపించాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం జనగామలో ఆ దర్జీ దుకాణం ముందు స్టూలేసుకొని కూర్చున్నాను. నాకు వేళ్లు చదవడం నేర్పమన్నాను. ఆయన నిదానంగా చేయనన్నాడు. నిదానంగా చేస్తే నువ్వు చదివినట్టు కాదు, మేం నీకు తినిపించినట్టు, అన్నాడు. చేతులను కాదు ముఖాన్ని చూడమన్నాడు. చేతులు చూపు అంచున వాటంతటవే కనపడతాయట. అక్షరాలు ఏరుకోవద్దన్నాడు. మనం కాగితం మీద మాటను ఒక్కసారిగా చూడమా, అట్లా చూడమన్నాడు. ఇవన్నీ మెల్లగా వచ్చాయి. అన్నిటికన్నా కష్టమైంది మాత్రం 'అర్థం కాలేదు, మళ్లీ చెప్పు' అన్న సైగ. చెయ్యడానికి అదెంత సులువో. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్లు చూస్తుండగా, నా శిష్యుల ఈడు పిల్లల ముందు అది చెయ్యాలంటే నా చెయ్యి లేచేది కాదు. తల మాత్రం దానంతటదే ఊగేది. ఆయన నా గడ్డం పట్టుకొని ఆపేవాడు. ఘనపూర్ అమ్మాయీ, నీకు నేర్పేవాళ్లు నీ గడ్డం పట్టుకొని ఆపేవాళ్లయితే నీకు ఇరవై రెండేళ్లు పట్టదు.

పిల్లవాడు దుకాణంలో లేడు. తల్లిని చూసుకోవడానికి తండాలోనే ఉండిపోయాడు. ఒక ఆదివారం దర్జీ అసలు సంగతి చెప్పాడు. తల్లి వాడితో ముఖం కలపడం లేదట. తనను వదిలేసి పారిపోయాడన్నదే ఆమె మనసులో పడిపోయింది. తండా కూడా ఆ మాటే అంటోంది. వాడు చేతులూపి ఎంత చెప్పినా, ఇంట్లో ఉన్న ఆ నాలుగు సైగల్లో ఇంత కథ పట్టలేదు. ఆమెకు అక్షరం రాదు కాబట్టి రాసి చూపినా లాభం లేదు. నీళ్లిస్తే తాగుతుంది, లేపితే లేస్తుంది. కొడుకు వైపు మాత్రం చూడదు. ఠాణాలో వాడు చెప్పబోయాడని సాక్ష్యం చెప్పి ఆ ముడి విప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. వేళ్లు చదవడం పూర్తిగా వచ్చాక వెళ్తానని నెపం పెట్టుకొని ఇంకో రెండు నెలలు దాటేశాను. నిజానికి అది భయం.

చివరికి ఒక పొద్దున నర్సింహులపేట బస్సెక్కి, అక్కడ ఆటో మాట్లాడుకొని తండాకు వెళ్లాను. ఆమె వాకిట్లో మంచం మీద కూర్చొని ఉంది. పక్కన ఊతకర్ర ఉంది. నా ఈడుదే, నాకన్నా పదేళ్లు పెద్దగా కనపడుతోంది. కొడుకు నన్ను చూసి చేస్తున్న పని ఆపాడు. నమస్కారం పెట్టలేదు, గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు లంబాడీలో ఏదో అనుకుంటూ చేరారు. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"అక్కా, ఆ దినం నీ కొడుకు నిన్ను ఇడిసిపెట్టి పోలే" అన్నాను. "నీ దిక్కే మళ్లిండు. పోలీసోళ్లు అడ్డమొచ్చిండ్రు. ఠాణల నన్ను పిలిస్తే నేను పోయిన. మా అమ్మ పడ్డదని నాకు చెప్పిండు. తన చెయ్యి లేవకుంటే నా చెయ్యి పట్టుకొని చెప్పిండు. నేనే చెయ్యి గుంజుకున్న. ఎస్సై మల్ల అడిగిండు. ఏం లేదన్న."

నేను మాట్లాడుతూనే చేతులతో కూడా అదే చెప్పాను, వాడికి కూడా తెలియాలని. వాడు తల్లిని చూడటం లేదు, నా చేతులనే చూస్తున్నాడు.

"చెప్పిండా?" అంది ఆమె.

"చెప్పిండు."

"ఎన్నిపారీలు చెప్పిండు?"

"నేను కూసొమ్మనేదాంక."

ఆమె కర్రను మంచం మీదికి తీసుకుంది. కొడుతుందేమోనని కూడా అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "అందరు వాన్ని చెవిటోడంటరు" అంది నిమ్మళంగా. "కన్నదాన్ని, నేను గూడ అన్న. చెప్పినోడేమో వాడు. ఇననోళ్లు మీరు."

కర్రను మళ్లీ మంచం పక్కన ఆనించింది.

"వాన్ని ఒకటడుగు" అంది. "ఆ దినం బువ్వ తిన్నడా? ఠాణల పెట్టిండ్రా?"

అడిగాను. వాడు గోడ దగ్గర్నుంచే జవాబు చెప్పాడు. సైగలు, మధ్యలో అక్షరాలు. మానిన రెండు చేతులతో, నా కోసం ఏమీ తగ్గించకుండా. సైగలు అందాయి, మధ్యలోని మాట జారిపోయింది. తల్లి నా ముఖం చూస్తోంది, వాకిలంతా చూస్తోంది. నా మెడ అలవాటు కొద్దీ కదలబోయింది. ఆపుకున్నాను.

అర్థం కాలేదు, మళ్లీ చెప్పు, అని సైగ చేశాను.

వాడు నన్ను కాసేపు చూశాడు. మళ్లీ చెప్పాడు, అంతే వేగంగా. మళ్లీ జారింది. మళ్లీ అడిగాను. మూడోసారికి ఆ మాట దొరికింది.

"బన్ను ఇచ్చిండ్రంట" అని ఆమెకు చెప్పాను. "తినలేదంట, జేబుల పెట్టుకున్నడంట. పొద్దుగాల ఇడిసిపెట్టంగనే నీకు పెడ్తనని కల్వర్టు కాడికి ఉరికిండంట. అప్పటికే నిన్ను తీసుకపోయిండ్రు."

ఆమె కొడుకు వైపు తిరిగింది. వాడు గోడను వదిలి రెండడుగులు వచ్చి ఆగాడు. ఆమె మంచం మీద పక్కకు జరిగి చోటు చేసింది. విరిగిన తుంటితో జరగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది, ఎవరినీ సాయం పట్టనివ్వలేదు. వాడు కూర్చున్నాక నా వైపు చూడకుండానే అంది.

"ఇగ నువ్వు పో టీచరమ్మా. మేం మాట్లాడుకుంటం."

ఆమెకు ఒక్క అక్షరం రాదు, వాడికి ఆమె మాట వినపడదు. ఎట్లా మాట్లాడుకుంటారని నేను అడగలేదు. లేచి చెప్పులేసుకొని ఆటో దగ్గరికి నడిచాను.